దుబాయ్ పైసలు వచ్చేలోపు: ఉత్తర తెలంగాణ గల్ఫ్ ఇంటి తిండి లెక్క (కేస్ స్టడీ)

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో గల్ఫ్ వలస కుటుంబాల తిండి పరిస్థితి చూడటానికి వెళ్లినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: నెలకు ఎంత పంపిస్తున్నాడు? దానికి వచ్చే జవాబుతో వంటింటి సంగతి పెద్దగా తెలియదు. పోవడానికి ఎంత అప్పు అయింది, పైసలు ఎన్ని రోజులకు ఒకసారి చేతికి వస్తాయి, ఊర్లో ఏ సరుకు ఉద్దెరకు దొరుకుతుంది, ఏది నగదుకే దొరుకుతుంది అని అడిగితే తెలుస్తుంది.

కింద లెక్కకట్టిన కుటుంబం ఫలానా ఇల్లు అని చూపించగలిగేది కాదు. ఈ ప్రాంతంలో మామూలుగా కనిపించే జీతం, మిత్తి, ధరలు తీసుకుని కట్టిన నమూనా. మీ ఊరి ధరలు పెట్టుకుంటే అంకెలు మారతాయి, లెక్క నడిచే తీరు మారదు.

ఇల్లు

భర్త, భార్య, అత్త, ఎనిమిదేళ్ల పిల్ల, మూడేళ్ల పిల్లవాడు. ఎకరంన్నర భూమి, కాలువ నీళ్లు. ఒక పాడి బర్రె. భార్య బీడీలు చేస్తుంది. ఆ పైసలు నెలకు 3,000 అనుకుందాం. భర్త పదో తరగతి పాస్ కాలేదు, కాబట్టి పాస్‌పోర్ట్ ఈసీఆర్ రకం, అంటే గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన రకం. షార్జాలో కన్‌స్ట్రక్షన్ హెల్పర్ పని, జీతం 1,000 దిర్హంలు, రూము కంపెనీది, తిండి సొంతం.

ఏజెంటుకు లక్ష. మెడికల్, హైదరాబాద్ తిరుగుళ్లు, టికెట్, బట్టలు అన్నీ కలిపి మరో 30,000. బర్రెను అమ్మితే 50,000 వచ్చాయి. మిగతా 80,000 నూటికి రెండు రూపాయల మిత్తికి నోటు రాసి తెచ్చారు.

తిండికి మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది, ఇంకా విమానం ఎక్కకముందే. రోజూ ఇంట్లో మిగిలే లీటరు పాలు బర్రెతో పాటు పోయాయి. లీటరు 60 రూపాయల చొప్పున నెలకు 1,800 రూపాయల సరుకు అది, అమ్ముకునే పాలు కాక. బర్రె ఉంచుకుని ఆ 50,000 కూడా అప్పు తెచ్చుంటే మిత్తి నెలకు 1,000. అలాగని బర్రెను ఉంచుకోవడమే లాభమని కొట్టిపారేయలేం. ఇంట్లో ఒంటరి ఆడమనిషి మూడేళ్ల పిల్లవాణ్ని చూసుకుంటూ, బీడీలు చేస్తూ, గడ్డి కోసుకొచ్చి పాలు పితకాలి. అత్త ఒంట్లో ఓపిక ఉంటే ఉంచుకోవచ్చు, లేకపోతే అమ్మడమే నయం. కానీ అమ్మిన నాడే పాలకు నెలకు ఇంత అని పక్కన పెట్టుకోవాలి. అది ఎవరూ పెట్టరు.

రెండో దెబ్బ భూమి మీద. మగమనిషి పోగానే ఎకరంన్నర కౌలుకు పోతుంది. ఇంతకుముందు గట్ల మీద కంది, ఒక మూలకు పెసర, అనుములు, ఇంటికి సరిపోయే పుంటికూర ఉండేవి. కౌలుదారు పొలమంతా వరే వేస్తాడు, అతనికి అదే లెక్క. కౌలు నగదుగా తీసుకున్న ఇంట్లో పప్పు కూడా దుకాణం సరుకైపోతుంది.

కాగితం మీద దాదాపు సరిపోతుంది

వెయ్యి దిర్హంలలో మెస్సుకు 250 నుంచి 300, రీచార్జి, సబ్బులు, చిల్లర ఖర్చులు 100 పోతే 600 ఇంటికి పంపగలడు. దిర్హం 23 రూపాయలనుకుంటే 13,800. దిర్హం డాలరుకు 3.6725 చొప్పున కట్టేసి ఉంటుంది కాబట్టి రూపాయి పడిపోయినప్పుడల్లా ఇంటికి కాస్త ఎక్కువ వస్తుంది. ఈ ఒక్క చోట రూపాయి బలహీనత ఈ ఇళ్లకు మేలు చేస్తుంది.

బీడీలతో కలిపి నెలకు 16,800. అప్పుకు 8,000, బడి వ్యాను 1,000, అత్త బీపీ, షుగర్ గోలీలు 700, ఫోన్లు 500, గ్యాసు, కరెంటు, సబ్బులు 900. తిండికి మిగిలేది 5,700.

తిండికి కావలసింది ఎంత? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 2,000 కేలరీల పళ్లెంలో రోజుకు ధాన్యం 250 గ్రాములు; పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85; పల్లీల వంటి గింజలు 35; నూనె 27; కూరగాయలు 400, అందులో 100 ఆకుకూర; పండ్లు 100; పాలు 300 మిల్లీలీటర్లు. ఇంట్లో ఉన్న నలుగురిని సుమారు 2.8 మంది పెద్దలుగా లెక్కేస్తే నెలకు ఇలా వస్తుంది: పప్పు 5 కిలోలు 600 రూపాయలు, గుడ్లు 60కి 360, పాలు (ఇవి మాత్రం నలుగురికీ పెద్దల లెక్కనే) 36 లీటర్లు 2,160, కూరగాయలు 34 కిలోలు 1,350, పండ్లు 8 కిలోలు 400, నూనె 320, పల్లీలు 380. ఉప్పు, కారం, చింతపండు, చక్కెర, చాయ్‌పత్తా 700. మన దగ్గర అన్నం ఆ పళ్లెం చెప్పినదానికంటే చాలా ఎక్కువే తింటారు, నెలకు 35 కిలోల బియ్యం పడుతుంది. అందులో 30 రేషన్‌లో వస్తే మిగతా 5 కిలోలకు 250. మొత్తం 6,520.

తక్కువ పడింది ఎనిమిది వందలు. గుడ్లు కొన్ని తగ్గించి, పండ్లు మానేస్తే సర్దుకునేటంత. ఈ కాగితం చూసి అధికారులు గల్ఫ్ ఇళ్లకు తిండి సమస్య లేదంటారు. జమాఖర్చు వరకు అది నిజమే.

ఉద్దెర సరుకు, నగదు సరుకు

చిక్కు తారీఖుల్లో ఉంది. పనిలో చేరిన మొదటి నెల జీతం రెండో నెల చివర్లో చేతికి వస్తుంది. కొన్ని కంపెనీలు మొదటి జీతాన్ని ఇంకా ఆపుతాయి. అది ఎక్స్‌ఛేంజ్ ద్వారా ఇంటికి చేరేసరికి మనిషి పోయి 75 నుంచి 90 రోజులు. ఈ మూడు నెలలూ ఇంట్లోకి వచ్చేవి బీడీ పైసలే, మిత్తి మాత్రం 4,800 పెరుగుతుంది.

ఆ తర్వాతైనా నెలనెలా పంపడు. ఒకసారి పంపితే ఫీజు 20 దిర్హంలదాకా పడుతుంది కాబట్టి రెండు నెలలకు ఒకసారి పంపుతాడు. ఏడాదికి ఆరు ఫీజులు మిగిలితే 2,760 రూపాయలు. అతని వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. ఇంటి దగ్గర ఏం జరుగుతుందంటే, 27,600 పడ్డ రోజే అప్పు ఇచ్చినవాడు వచ్చి 16,000 తీసుకుంటాడు. కిరాణా పాత బాకీ 3,500. వ్యానుకు, గోలీలకు రెండు నెలలవి 3,400. చేతిలో 4,700. పాలు, కూరగాయలు, పండ్లు, గుడ్లకు రోజుకు 140 రూపాయలు కావాలి, అంటే ముప్ఫై మూడు రోజులకు ఆ డబ్బు అయిపోవాలి. పండగో, జ్వరమో, బడి పుస్తకాలో వస్తే ఇరవై రోజులే.

మిగతా రోజులు ఉద్దెర మీద నడుస్తాయి. ఈ కేసులో అసలు కీలకం ఇదే. కిరాణా కొట్టువాడు నూనె, చక్కెర, చాయ్‌పత్తా, కారం, బిస్కెట్ పొట్లాలు, కొంత పప్పు ఖాతాలో రాసుకుని ఇస్తాడు. వారం వారం జరిగే అంగడిలో కూరగాయలమ్మేవాడు పక్క ఊరి మనిషి, ఉద్దెర ఇవ్వడు. పాలు పోసేవాడు వారానికోసారి లెక్క తేల్చమంటాడు. కోడిగుడ్లు, పండ్లు కూడా నగదే. కాబట్టి చేతిలో నగదు అయిపోయిన నాడు ఇంట్లో అన్నం తగ్గదు, నూనె తగ్గదు, చాయ్ ఆగదు. పాలు, కూర, గుడ్డు, పండు ఆగిపోతాయి. అన్నంలోకి పచ్చిపులుసు. చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో కడుపు నిండుతుంది, అందులో మాంసకృత్తులు లేవు. గల్ఫ్ ఇంట్లో ఆకలి కనిపించకపోవడానికి కారణం ఇదే.

పిల్లవాడికి అంగన్‌వాడీలో, పిల్లకు బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు దొరుకుతుంది. ఏ పథకమూ అందని మనిషి భార్య. గర్భిణి, బాలింత అయితే ఆరోగ్యలక్ష్మి కింద రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు వచ్చేవి. ఈమె రెండూ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆ అంకె వలసతో వచ్చింది కాదు, కానీ వలస ఇంటి మొదటి ఏడాది దాన్ని తగ్గించే దారిలో మాత్రం లేదు.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు

ఇంటి తిండి ఎలా ఉందో కొలిచే ఫుడ్ కన్సంప్షన్ స్కోర్‌లో గడిచిన ఏడు రోజుల్లో ఏ రకం ఎన్ని రోజులు తిన్నారో అడిగి, ధాన్యానికి 2, పప్పుకు 3, కూరగాయలకు 1, పండ్లకు 1, గుడ్డు–మాంసానికి 4, పాలకు 4, నూనెకు, చక్కెరకు అరచొప్పున గుణిస్తాం. నూనె, చక్కెర రోజూ వాడే చోట 28 దాకా హీనం, 42 దాకా అంచున, ఆపైన ఫరవాలేదు.

పైసలు రావడానికి ముందు వారం మన ఇంట్లో అన్నం 7 రోజులు, పప్పు 3, కూర 5, గుడ్డు 1, నూనె 7, చక్కెర 7 అనుకుందాం. 14, 9, 5, 4, 3.5, 3.5 కలిపితే 39, అంటే అంచున. ఇక్కడ సర్వే చేసేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. పాలు తీసుకున్నారా అంటే తీసుకున్నామంటారు, రోజూ చాయ్ తాగుతారు కదా. దాన్ని 7 రోజుల పాలుగా రాస్తే 28 కలిసి స్కోరు 67కు ఎగబాకుతుంది. చాయ్‌లో పోసిన చెంచాడు పాలు పాల కింద రాకూడదు. ఆ ఒక్క గడితో ఇల్లు భద్రమైపోతుంది, కాగితం మీద.

పైసలు వచ్చిన వారం కొలిస్తే అదే ఇల్లు నిజంగానే 69 చూపిస్తుంది: పప్పు 5, కూర 7, కోడికూర, గుడ్డు కలిపి 3, పాలు 3, పండ్లు 2. అందుకని ఒక్కసారి కొలిచి వదలకూడదు. పైసలు పడ్డ వారంలో ఒకసారి, మళ్లీ పడే ముందు వారంలో ఒకసారి కొలిచి, రెండు అంకెలూ విడివిడిగా రాయాలి. సగటు తీస్తే 54 వస్తుంది. ఆ ఇంట్లో ఏ వారమూ 54 లేదు.

ఇంటి స్కోరు చాలదు, భార్యను వేరుగా అడగాలి. నిన్నటి రోజు పది రకాల ఆహారాల్లో ఐదైనా తిన్నదా అనే లెక్క దీనికి సరిపోతుంది. 15 గ్రాములకు తక్కువైనవి లెక్కలోకి రావు కాబట్టి చారులో తేలే పప్పు, పోపులో కరివేపాకు తీసేయాలి. పల్లీల చట్నీ వస్తుంది, అది గింజల గుంపు. అత్త ఎదురుగా అడిగితే జవాబు మారుతుంది. బీడీలు చేసే చోట, పక్కనింటి ఆడవాళ్లు ఉన్నా ఫర్వాలేదు గానీ అత్త లేనప్పుడు అడగడం మంచిది.

తిండి తగ్గినప్పుడు ఏం చేశారన్న ఐదు ప్రశ్నల సూచీలో అన్నిటికంటే ఎక్కువ బరువు ఒక ప్రశ్న మీద ఉంటుంది: పిల్లలకు పెట్టడానికి పెద్దలు తగ్గించుకున్నారా? దానికి 3. అరువు తెచ్చుకోవడానికి 2, తక్కినవాటికి ఒక్కొక్కటి. ఈ ఇళ్లలో పూటలు మానడం సున్నా ఉంటుంది, ఈ ప్రశ్నకు మాత్రం వారంలో మూడు నాలుగు రోజులు వస్తాయి. సర్వే మనిషి 'పూట మానలేదు' అన్న జవాబుతో కింది ప్రశ్నలు గబగబా దాటించేస్తే అసలుది జారిపోతుంది.

రేషన్ కార్డు

తెలంగాణలో ఆహార భద్రత కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం. ఐదు పేర్లకు 30 కిలోలు. భర్త దేశంలో లేడు, ఈ-కేవైసీ వేలిముద్ర పడలేదని అతని పేరు పోతే 24కు దిగుతుంది. అప్పుడు 11 కిలోలు కొనాలి, 550 రూపాయలు. పైన మనం చూసిన లోటుకు ఈ ఒక్క పేరుతో ఇంకో 300 కలుస్తుంది. కాబట్టి పోయే ముందే వేలిముద్ర వేసి, అది నమోదైందో లేదో డీలర్ దగ్గర యంత్రంలో చూసుకోవాలి.

ఇంకో చిక్కు కొత్త కార్డు అడిగేవాళ్లకు. గ్రామాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. నెలకు 13,800 అంటే ఏడాదికి 1,65,600. అందులో 96,000 అప్పుకే పోతుందని నియమం చూడదు, వచ్చింది చూస్తుంది, పోయింది చూడదు. వలస అప్పును ఆదాయంలోంచి తీసి లెక్కించే పద్ధతి లేనంత కాలం ఈ ఇళ్లు కాగితం మీద సంపన్నంగానే కనబడతాయి. రాష్ట్రస్థాయి అంకెలూ ఇదే తప్పుదారి పట్టిస్తాయి. రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2023–24లో దేశానికి వచ్చిన ప్రవాస డబ్బులో తెలంగాణ వాటా 8.1 శాతం. అందులో సాఫ్ట్‌వేర్ డాలరూ ఉంది, షార్జా హెల్పర్ దిర్హమూ ఉంది.

ఏది మారిస్తే ఎంత మారుతుంది

మిత్తి తగ్గించడం కంటే అసలు తగ్గించడం ముఖ్యం. రిజిస్టర్డ్ ఏజెంట్ చట్టప్రకారం తీసుకోగలిగే సర్వీసు చార్జి 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. టికెట్ కంపెనీ ఇచ్చే వీసా అయితే, మెడికల్, తిరుగుళ్లు కలిపినా యాభై వేలలో పని అవుతుంది. బర్రె అమ్మకుండా ఆ యాభై వేలూ అదే రెండు రూపాయల మిత్తికి తెచ్చి, నెలకు 5,000 చొప్పున కడితే పైసలు మొదలైన ఏడాదికి తీరుతుంది. 80,000 అయితే అదే వాయిదాతో 21 నెలలు. మొదటి మూడు నెలలు కలుపుకుంటే రెండేళ్ల కాంట్రాక్టు పూర్తి. అదే 80,000 మహిళా సంఘంలో రూపాయి మిత్తికి దొరికినా 18 నెలలు పడుతుంది. సంఘం అప్పు మంచిదే, కానీ లక్ష అడిగే ఏజెంటును అది చవక చేయదు.

విజిట్ వీసా మీద పోయి అక్కడ పని వెతుక్కునే దారి చవకగా కనిపిస్తుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే లేదా శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు. ఆ 275 లేక ఒక ఇల్లు అప్పుతో సహా మిగిలిపోవచ్చు.

రెండోది, పోయేటప్పుడే మూడు నెలల వంటిల్లును వలస ఖర్చులో కలపడం. 10,000 ఎక్కువ అప్పు తెస్తే మిత్తి నెలకు 200. దాంతో 15 కిలోల కందిపప్పు, 7 కిలోల నూనె, పల్లీలు ముందే కొని, మిగతా నగదు పాలకు, కూరకు విడిగా పెట్టాలి. పప్పును బాగా ఎండబెట్టి మూత బిగుసుకునే డబ్బాలో పోయాలి, లేకపోతే వానాకాలంలో రెండో నెలకే పురుగు పడుతుంది. ఈ డబ్బు ఏజెంటు చేతికి పోకుండా చూడటమే కష్టం. చివరి వారంలో 'ఇంకో పదివేలు' అనే మాట దాదాపు తప్పకుండా వస్తుంది.

మూడోది వాయిదా. నెలకు 8,000 కడితే పన్నెండు నెలల్లో అప్పు తీరుతుంది, మొత్తం 96,000 చిల్లర కడతారు. 6,500 కడితే పదిహేను నెలల చిల్లర, మొత్తం 99,000 చిల్లర. తేడా మూడు వేలు. ఆ మూడు వేలకు నెలకు పదిహేను వందలు వంటింటికి మిగులుతాయి, 5,700 కాస్తా 7,200 అవుతుంది, 6,520 అవసరం తీరుతుంది. అప్పు తొందరగా తీర్చాలన్న ఆరాటం అర్థం చేసుకోదగ్గదే, కానీ మిత్తి రెండు రూపాయలున్నప్పుడు ఆ తొందర ఖరీదు ఆడమనిషి ఒళ్లు కడుతుంది. మూడు రూపాయల మిత్తి అయితే లెక్క మారుతుంది. 5,000 కడుతూ పోతే 25 నెలలు, 8,000 కట్టినదానికంటే 18,000 ఎక్కువ. అక్కడ ముందు సంఘం అప్పుతో ఆ నోటు తీర్చి, తర్వాత వాయిదా తగ్గించాలి. ఏదైనా సరే, కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. ఫోన్లో చెప్పుకున్న లెక్కకు నోటు దగ్గర విలువ లేదు.

నాలుగోది తారీఖు. నెలనెలా పంపితే ఏడాదికి 2,760 ఎక్కువ ఫీజు. ఫీజు తక్కువున్న యాప్ దొరికితే అదీ మిగులుతుంది. రెండు నెలలకోసారే పంపుతానంటే, భార్య పేరు మీద రెండు ఖాతాలు ఉండాలి: ఒకటి అప్పుకు, ఒకటి ఇంటికి. ఇంటి ఖాతాలో పడ్డదాన్ని రెండు సగాలు చేసి, రెండో సగం మొదటి నెల ముట్టకూడదు. భర్త పేరు మీద ఉన్న ఖాతాకు ఏటీఎం కార్డు మామకో బావకో ఇచ్చి పోయిన ఇళ్లలో పాలకు, కూరకు అడుక్కోవాల్సి వస్తుంది. రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు 6,000 కూడా పట్టాదారు ఖాతాలోనే పడుతుంది. ఆ ఖాతా ఫోన్ నెంబరు షార్జాలో పనిచేయని సిమ్ అయితే ఓటీపీ రాదు, డబ్బు ఉన్నా చేతికి అందదు.

ఐదోది భూమి. కౌలుకు ఇచ్చేటప్పుడు నీళ్లు అందే చోట ఐదు గుంటలు ఆపుకోవాలి, గట్ల మీద కంది హక్కు తమదేనని ముందే మాట్లాడుకోవాలి. వీలైతే కౌలులో కొంత వడ్లుగా తీసుకోవాలి. క్వింటాలు వడ్లు మర పట్టిస్తే 65 కిలోల అటూఇటుగా బియ్యం వస్తాయి, కొనాల్సిన ఐదు కిలోలకు ఏడాదంతా సరిపోతుంది. ఐదు గుంటల్లో రెండు ఆకుకూరలకు, ఒకటి బెండకు, ఒకటి తీగలకు, ఒకటి పెసర, అనుములకు. ఒక గుంటకు బెండ గింజలు 125 నుంచి 150 గ్రాములు చాలు. ఆకుకూర ఒక్కసారే చల్లకుండా పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం చల్లితే తెగకుండా వస్తుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు దీన్ని పాడుచేసేవి నీళ్ల కొరత కాదు, కోతులు. కాయలు నిలవవు. అలాంటి ఊర్లో తీగలు మానేసి ఆకుకూరకే పోవాలి, లేకపోతే నలుగురైదుగురు కలిసి ఒక్క చోట వేసి వంతులవారీగా కావలి కాయాలి.

పంపేవాడి పళ్లెం

ఇంటి తిండి లెక్కలో అతన్ని వదిలేస్తారు. నెలకు 600 పంపాలంటే మెస్సులోంచే మిగల్చాలి. మెస్సు మానేసి రూములో ఖుబ్జు (అక్కడి రొట్టె), పప్పుతో నెట్టుకొస్తే వంద దిర్హంలు మిగులుతాయి, నలభై ఐదు డిగ్రీల ఎండలో పని చేసే ఒంటితో. జీతాలు ఆగితే మొదట ఆకలి పడేది అక్కడే. 2016లో సౌదీలో కంపెనీలు జీతాలు ఆపేసినప్పుడు వేలమంది భారతీయ కార్మికులకు జెడ్డా కాన్సులేట్ నుంచి బియ్యం, పప్పు పంచాల్సి వచ్చింది. ఇంట్లో అడిగే ప్రశ్నల జాబితాలో 'అతను ఏం తింటున్నాడు' అన్నది కూడా ఉండాలి. దానికి భార్య దగ్గర జవాబు లేకపోతే, పంపే మొత్తం ఎక్కువ కాలం నిలవదని అనుమానించవచ్చు.

అప్పు తీరాక

పద్దెనిమిదో నెల తర్వాత స్కోరు 60 దాటుతుంది, వారాల మధ్య తేడా తగ్గుతుంది. చాలా మూల్యాంకనాలు ఇక్కడ మంచి ఫలితం రాసుకుని ఆగిపోతాయి. తర్వాత ఏడాదిలో ఇల్లు మొదలవుతుంది. పునాదికి దాచిన డబ్బు సరిపోతుంది, స్లాబుకు సరిపోదు. సిమెంటు, సీకులకు మళ్లీ నోటు, మళ్లీ పెద్ద వాయిదా, మళ్లీ కూరగాయల అంగడి మానడం. ఈసారి ఎవరూ చూడటానికి రారు, ఎందుకంటే బయట స్లాబు కనబడుతోంది. అదే సమయంలో పిల్లల చేతికి పది, ఇరవై రూపాయలు వస్తాయి, చిప్స్, కూల్‌డ్రింకులు మొదలవుతాయి. అన్నం, నూనె, చక్కెర పెరిగి, కూర పెరగని ఇంట్లో ఆడమనిషి బరువు పెరిగి రక్తం పెరగదు. అందుకని రెండో కొలత కాంట్రాక్టు రెన్యువల్ నాడు, మూడోది స్లాబు పోసిన మూడు నెలలకు పెట్టుకోవాలి. రెండిట్లోనూ భార్యకు హిమోగ్లోబిన్ పరీక్ష ఉండాలి. ఇంటి స్కోరు 65 ఉండి ఆమెకు 10 గ్రాములే ఉంటే, స్కోరు పక్కన పెట్టి ఆ నోటు వాయిదా ఎంతో అడగాలి.